ఇంగ్లండు రాజూ, మా తాతయ్యా

చరిత్ర పాఠాలు చెప్పి బతికినదాన్ని కాబట్టి ఒక మాట ముందే ఒప్పుకుంటాను. నాకు రాజులంటే పెద్ద గౌరవం లేదు. ఎవరు ఏ యుద్ధంలో గెలిచారో, ఎవరి తరవాత ఎవరు గద్దెనెక్కారో ఏళ్ళ తరబడి పిల్లల చేత వల్లె వేయించాను. ఇప్పుడు అడిగితే సగానికి సగం చెప్పలేను. ఒక్క రాజు మాత్రం నాకు సొంత మనిషి. ఆయన ఐదువందల ఏళ్ళ కిందటి ఇంగ్లండు రాజు. ఆయన ఎముకలు ఒక ఊళ్ళో కార్లు నిలుపుకునే స్థలం కింద దొరికాయని పేపర్లో పడ్డ రోజున మా మనవరాలు చదివి వినిపించింది. నేను కాఫీ గ్లాసు కింద పెట్టి "హమ్మయ్య, దొరికాడా!" అన్నాను. "తప్పిపోయిన మేనమామ దొరికినట్టు మాట్లాడతావేంటి అమ్మమ్మా?" అని అది నవ్వింది.

మేనమామ కాదు, ఇంచుమించు తాతయ్య. అదే ఇప్పుడు చెప్పబోతున్నాను.

ఆ రాజుతో నా పరిచయం నందిగామ హైస్కూల్లో, యాభైల చివర్లో జరిగింది. మా క్లాసులో ఆడపిల్లలం ఐదుగురం. మిగతా నలుగురూ నందిగామ వాళ్ళే. నేనొక్కదాన్నే మునేటి గట్టు వెంట మా పల్లె నుంచి నడిచి వచ్చేదాన్ని. మా నాన్న పల్లెలోనే మిషన్ బడి పంతులు. ఆయన మెత్తని మనిషి. ఆయనకు రావలసిన గట్టిదనం కూడా దేవుడు నాకే ఇచ్చాడని మా నాయనమ్మ అనేది. బడికి వెళ్ళే దారిలో నన్ను ఎవరైనా ఒక మాట అంటే రెండు అని కానీ కదిలేదాన్ని కాదు.

మా చరిత్ర మాస్టారు పాఠం చదివించి ఊరుకునే రకం కాదు. ఆ రోజు పుస్తకంలో ఉన్నది చదివించారు. రాజు చనిపోతూ తన ఇద్దరు కొడుకుల్ని తమ్ముడి చేతిలో పెట్టాడు. తమ్ముడు ఆ పిల్లల్ని కోటలో ఉంచి, తానే కిరీటం పెట్టుకున్నాడు. పిల్లలు ఆ తరవాత ఎవరి కంటా పడలేదు. రెండేళ్ళు తిరిగేసరికి ఆ తమ్ముడూ యుద్ధంలో చచ్చిపోయాడు. శవాన్ని గుర్రం మీద అడ్డంగా వేసి తీసుకుపోయి, సన్యాసుల మఠంలో హడావుడిగా పూడ్చారు. మఠం కూలగొట్టారు, సమాధి జాడ పోయింది, ఎముకలు ఏట్లో పారేశారని జనం చెప్పుకున్నారు. ఆ తమ్ముడు రాజుకి గూని, చెయ్యి వంకర, మనసు అంతకన్నా వంకర అని పుస్తకం ముక్తాయించింది.

మాస్టారు పుస్తకం మూసి అడిగారు. "పిల్లల్ని ఆయనే చంపాడని మనకి చెప్పిందెవర్రా?"

జవాబు కూడా ఆయనే చెప్పారు.

"ఆయన్ని చంపి గద్దెనెక్కినవాళ్ళ కొలువులో తిన్నవాళ్ళు. కళ్ళారా చూసినవాడు ఒక్కడున్నాడా? నందిగామలో పుట్టి ఇది కూడా తెలీకపోతే ఎట్లారా? కోర్టు వరండాలో కూర్చునే ప్లీడరు గుమస్తాని అడగండి. విన్న మాట సాక్ష్యం కాదని చెబుతాడు."

పిల్లలు నవ్వారు. నేను మాత్రం నవ్వలేకపోయాను. ఎందుకంటే మాస్టారు చెప్పింది మా ఇంటి కథ.

మా తాతయ్యకు, అంటే నాన్న వాళ్ళ నాన్నకు, ఒక అన్న ఉండేవాడు. ఆయన భార్య పురిట్లో పోయింది, తరవాత రెండేళ్ళకు ఆయన జ్వరంతో పోయాడు. ఇద్దరు మగపిల్లలు తాతయ్య చేతికి వచ్చారు. ఒక వేసవిలో తాతయ్య ఆ పిల్లల్ని వెంటబెట్టుకుని మునేటి ఇసకలో పుచ్చపాదులు కాపలా కాయడానికి వెళ్ళాడు. ఒక్కడే తిరిగొచ్చాడు. ఇద్దరూ మడుగులో పడి పోయారన్నాడు. అన్న వాటా ఎకరన్నర తాతయ్యకు వచ్చింది. ఇక పల్లెకు చెప్పుకోవడానికి ఇంతకన్నా ఏం కావాలి? తాతయ్య పోయినప్పుడు సమాధుల దొడ్డిలో వరసలో చోటివ్వమని సంఘపెద్దలు తేల్చి చెప్పేశారు. కంచె అవతల ఎక్కడో పూడ్చారు. నాయనమ్మ జ్వరంతో రాలేకపోయిందని చెప్పేవాళ్ళు. అప్పటికి మా నాన్నకు పన్నెండేళ్ళు. "తంగేడు పొద పక్కన. ఏడుస్తూ తల ఎత్తి చూడలేదమ్మా" అనేవాడు. తరవాత కంచె రెండుసార్లు జరిగింది. తంగేళ్ళు కొట్టేశారు. ఇసక బండ్లు తొక్కి తొక్కి ఆ నేలంతా ఒకటైపోయింది.

ఈస్టరు ముందు రోజు మా వాళ్ళందరూ ఎవరి సమాధులకు వాళ్ళు సున్నం కొట్టుకుంటారు. తెల్లారేసరికి దొడ్డంతా మెరిసిపోతుంది. మేమూ సున్నం కలుపుకుని వెళ్ళేవాళ్ళం, కొట్టడానికి మాకు సమాధి ఉండేది కాదు. నాన్న ఆ సున్నం తీసుకెళ్ళి దిక్కులేని వాళ్ళ సమాధులకు కొట్టేవాడు. నాకు ఒళ్ళు మండిపోయేది.

అదీకాక, ఆ ఏడు నాయనమ్మకు ఒంట్లో బాగుండటం లేదు. కంట్లో పొర వచ్చింది, ఆయాసం పెరిగింది. ఆవిడ మీద మాత్రం పల్లెలో ఎవరికీ కోపం లేదు. సంఘపెద్దలే ఇంటికొచ్చి "నీకు వరసలో చోటిస్తామమ్మా" అన్నారు. నాన్నకు ఆ మాట నచ్చలేదు. భార్యాభర్తలు చెరొక చోట ఎట్లా అని ఆయన బాధ. నాయనమ్మను అడిగితే "ఆయనెక్కడున్నాడో తెలీనీయండి, అప్పుడు చెబుతా" అనేది. అవుననలేదు, కాదనలేదు. చోటు తెలియక అట్లా అంటోందనుకున్నాం.

మాస్టారి మాట విన్న రోజునే నేను నిశ్చయించుకున్నాను. తాతయ్య సమాధి వెతుకుతాను, ఆయన మీద పడ్డ నింద తుడిచేస్తాను, నాయనమ్మను ఆయన పక్కన పెట్టుకుంటాం. పదహారేళ్ళ పిల్లకు ఇంత ధీమా ఎక్కడిదని అడగకండి. ఇప్పటికీ తగ్గలేదు.

ఒక నోటుపుస్తకం తీసుకుని పల్లెలో ముసలివాళ్ళందరి దగ్గరికీ వెళ్ళాను. అడిగింది ఒకటే ప్రశ్న. "నువ్వు చూశావా?"

"చూళ్ళేదు, విన్నా."

"ఎవరు చెప్పారు?"

"అందరూ చెప్పారు."

అందరిలో ఎవరు అంటే విసుక్కునేవాళ్ళు. ఒకావిడ "చూడక్కర్లేదే పిల్లా, మొహం చూస్తే తెలీదూ?" అంది. మొహం చూస్తే తెలిసేటట్టయితే నందిగామలో అన్ని కోర్టులెందుకని అడిగాను. చీపురు తీసుకుంది. ఇట్లా పద్నాలుగు మంది దగ్గర రాసుకున్నాను. చూసినవాడు ఒక్కడు లేడు. నేను గెలిచేశాననే అనుకున్నాను.

పదిహేనోవాడు చేపలు పట్టే తాత. ఆయన నా మొహంలోకి చూసి నెమ్మదిగా చెప్పాడు. "మడుగులో పడ్డ శవం మూడోనాటికి తేలుద్దమ్మా. వేసంకాలం మడుగు, ఎక్కడికీ కొట్టుకుపోదు. ఇద్దర్లో ఒక్కడైనా తేలాలి కదా? నేనే తెప్పేసుకుని మూడ్రోజులు తిరిగా. తేల్లేదు. ఇంకోటి. మీ తాత ఆ రోజే పాదుల కాడి కాపలా పాక తగలబెట్టాడు. ఇసకలో తీసిన తాగే నీళ్ళ చెలమ పూడ్చేశాడు. ఎందుకు పూడ్చాడో నువ్వే చెప్పు."

ఇది విన్న మాట కాదు, చూసిన మాట. నోటుపుస్తకంలో రాసుకోలేదు. ఇంటికి వచ్చి రెండు రోజులు ఆ పుస్తకం తెరవలేదు. చంపాడేమోనని నాకూ అనిపించింది, అనిపించినందుకు నా మీద నాకు అసహ్యం వేసింది. మూడో రోజు మాస్టారిని అడిగాను, మన మనిషికి వ్యతిరేకంగా గట్టి సాక్ష్యం దొరికితే ఏం చెయ్యాలని. ఎవరని ఆయన అడగలేదు. రాజు గురించే అనుకున్నారేమో. "దాన్ని దాచకూడదు. ఇంకా దగ్గరగా ఉన్నవాడి కోసం వెతకాలి" అన్నారు.

దగ్గరగా ఉన్నవాడు ఒక్కడే మిగిలాడు. తాతయ్య స్నేహితుడు. పల్లెలో గోతులు తీసేవాడు. తాతయ్యను పూడ్చింది ఆయనే. ముసలితనంలో జగ్గయ్యపేటలో కూతురింటికి వెళ్ళిపోయాడు. నాన్న వద్దులే అన్నాడు, పోయినవాళ్ళని కదపడం దేనికన్నాడు. నేను అన్నం మానేశాను. గుడ్ ఫ్రైడే ముందు గురువారం ఇద్దరం నందిగామలో జగ్గయ్యపేట బస్సెక్కాం.

ఆయన అల్లుడు సున్నపు బట్టీలో పనివాడు. పేట చివర, బట్టీల పక్కనే ఇల్లు. చెట్ల ఆకుల మీద కూడా తెల్లగా దుమ్ము. ముసలాయన చూరు కింద కూర్చుని తాడు పేనుతున్నాడు. నాన్నను గుర్తుపట్టి లేచి నిలబడ్డాడు, గబగబా కూతురిని పిలిచి టీ పెట్టమన్నాడు. అంతవరకూ బాగానే ఉంది. సమాధి మాట ఎత్తగానే "మర్చిపోయానమ్మా, ముప్పై ఏళ్ళయింది" అన్నాడు.

నేను నోటుపుస్తకం తీశాను. పద్నాలుగు మంది విన్న మాటా వినిపించాను. చేపల తాత మాట కూడా దాచకుండా చెప్పాను. మాస్టారి తర్కమంతా ఒప్పజెప్పాను. ఇంగ్లండు రాజు సంగతి కూడా చెప్పాను, ఆయన ఓపిగ్గా విని "పాపం" అన్నాడు. తాడు పేనడం మాత్రం ఆపలేదు. నాన్న లేచి చెప్పులు వేసుకున్నాడు.

"మా నాయనమ్మ ఆరోగ్యం బాలేదు తాతా. ఆవిణ్ణెక్కడ పెట్టాలో చెప్పు, చాలు" అన్నాను.

తాడు చేతిలో ఆగిపోయింది. "వదిన అడిగిందా? నువ్వే వచ్చావా?"

ఆ ప్రశ్న ఎందుకడిగాడో నాకు తెలియలేదు. పని జరగడమే నాకు ముఖ్యం. "నాయనమ్మే అడిగి రమ్మంది" అన్నాను. నాన్న నా వైపు చూశాడు. ఆయనకు నా ముందు ఎప్పుడూ మాట రాదు.

ముసలాయన లోపలికి వెళ్ళి తలపాగా చుట్టుకుని వచ్చాడు. "పదండి" అన్నాడు. టీ కూడా తాగనివ్వలేదు.

ఈస్టరు ముందు రోజు పొద్దున్నే దొడ్డికి వెళ్ళాం. లోపల అందరూ సున్నాలు కొడుతున్నారు. మేము కంచె బయట బండ్ల దారిలో నిలబడ్డాం. నాయనమ్మను నేనే చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చాను. ముసలాయన ఏటి వైపు చూశాడు, చర్చి గంట వైపు చూశాడు, అడుగులు లెక్కపెట్టి గునపం దించాడు. మాది గరుసు నేల. ఎప్పుడూ తవ్వని చోట గునపం ఖంగుమని తిరగబడుతుంది. ఒకసారి తవ్వి పూడ్చిన చోట, ఎన్నేళ్ళయినా, లోపలికి జారుతుంది. నాలుగు చోట్ల ఖంగుమంది. ఐదోచోట మూరెడు దిగింది.

"ఇదుగో, మీ నాన్న" అన్నాడు నాన్నతో.

పక్కకు జరుగుతూ పొడుచుకుంటూ పోయాడు. నిలువెత్తు మనిషికి సరిపోయే గొయ్యి కొలత తేలింది. నేను చప్పట్లు కొట్టబోయాను. ఆయన ఆగలేదు. ఎడమ పక్కకు రెండడుగులు వేసి మళ్ళీ పొడిచాడు. అక్కడా దిగింది. ఆ గొయ్యి నాలుగడుగులకే అయిపోయింది. దాని పక్కన ఇంకొకటి. అది ఇంకా చిన్నది.

నాన్న చెప్పులు విప్పి పక్కన పెట్టాడు.

"మడుగులో పళ్ళేదు. పాదుల కాడ వాంతులూ భేదులూ పట్టుకున్నయ్యి ఇద్దరికీ. పొద్దున పెద్దోడు, సాయంత్రానికి చిన్నోడు" అన్నాడు ముసలాయన. గొంతు నెమ్మదిగా ఉంది. "మీ నాన్న నన్ను పిలిపించాడు. పల్లెలోకి తీసుకుపోదామన్నా. వద్దన్నాడు. మిరపకోతల రోజులు. మన పల్లెలో కలరా అని తెలిస్తే రైతులు చేలోకి రానిస్తారా? ఆ ఏడు పల్లె పల్లెంతా పస్తే. ఆ చెలమ నీళ్ళే ఇంకెవరైనా తాగితే? అందుకే పూడ్చేశాడు. పాక తగలబెట్టాడు. కోడి కుయ్యకముందే ఇద్దరం కలిసి ఇక్కడ పెట్టాం. ఆయనే ప్రార్థన చేశాడు. మడుగులో పడ్డారని చెబుతా, నా మీదికొచ్చినా పర్లేదన్నాడు. నా చేత ఒట్టేయించుకున్నాడు. ఆయన పోయేముందు పెద్దలు వరసలో చోటివ్వమంటున్నారని చెప్పా. మంచిదే, నన్ను పిల్లల పక్కన పెట్టు, అన్నాడు."

కంచె లోపల సున్నం కొడుతున్నవాళ్ళు కుంచెలు ఆపి చూస్తున్నారు. చేపల తాత కూడా ఉన్నాడు. నేను ఏడుస్తున్నాను, కానీ అది గెలిచినవాళ్ళ ఏడుపు. చెలమ, పాక, తేలని శవాలు, అన్నీ ఒక్కొక్కటే వచ్చి మా తాతయ్య వైపు నిలబడ్డాయి. జీవితంలో అంత గర్వం నాకు మళ్ళీ ఎప్పుడూ కలగలేదు. ఆ గర్వంలోనే, అందరికీ వినబడాలని, ఒక ప్రశ్న ఎక్కువ అడిగాను.

"కోతలైపోయాకైనా చెప్పొచ్చుగా తాతా? కనీసం మా నాయనమ్మకైనా ఎందుకు చెప్పలేదు?"

ముసలాయన నాయనమ్మ వైపు చూశాడు. గునపం మీద చేతులు మార్చుకున్నాడు. "వద్దులేమ్మా" అన్నాడు.

"చెప్పు" అంది నాయనమ్మ. ఆ పొద్దున ఆవిడ నోటి నుంచి వచ్చిన మొదటి మాట అది.

"నేనూ అదే అడిగా వదినా. ఏళ్ళ తరబడి అడిగా. 'నేను పిల్లల్ని చంపానా అని ఊరంతా అడగనక్కర్లా, ఇంట్లో ఒక్క మనిషి అడిగితే చెబుతా' అనేవాడు. నువ్వు అడగలేదంట. ఆ ఒట్టు వల్లే నేనూ నోరు మూసుకున్నా. ఇప్పుడు నువ్వడిగావని ఈ పిల్ల చెప్పింది. అందుకే వచ్చా."

నాయనమ్మ నా చెయ్యి వదిలేసింది. నా అబద్ధం బయటపడిందని నాకు సిగ్గేసింది, కానీ ఆవిడ ఆలోచన నా మీద లేదు.

"అడగలేదు" అంది. "అడిగితే నిజం చెప్పే మనిషి ఆయన. ఏం చెబుతాడోనని భయపడ్డా. పక్కన కూర్చుని అన్నం పెట్టా, పిల్లణ్ణి కన్నా, అడగలా. ఆయన్ని పూడ్చిన రోజు నాకు జ్వరం లేదు. నేనే రాలా."

ఆ మాటతో నాకు అంతా అర్థమైంది. నేను పద్నాలుగు మందిని అడిగాను, పదిహేనోవాణ్ణి అడిగాను, జగ్గయ్యపేట దాకా వెళ్ళి అడిగాను. మా ఇంట్లో నా పక్క మంచం మీద పడుకునే మనిషిని "నువ్వేమనుకుంటున్నావు?" అని ఒక్కసారి కూడా అడగలేదు. వరసలో చోటిస్తామంటే ఆవిడ అవుననీ కాదనీ ఎందుకు అనలేదో నాకప్పుడు తెలిసింది.

నాన్న వచ్చి ఆవిడ భుజం పట్టుకున్నాడు. "అమ్మా, వరసలోనే కావాలంటే అట్లాగే పెద్దవాళ్ళతో చెబుతా. నీ ఇష్టం" అన్నాడు.

నాయనమ్మ వంగి, చేత్తో తడుముకుంటూ, గునపం దిగిన చోటు దాటి కుడి పక్క నేల మీద అరచెయ్యి పెట్టింది.

"ఇక్కడ పెట్టండి నన్ను" అంది. "ఆయన్ని ఒకటి అడగాలి."